ఆవిరి పెట్టెకు వాసెన

మూడేళ్ళ క్రితం ఒక ఉదయం మా ఇంట్లో ఇడ్లీ పాత్ర మాడిపోయింది. అమ్మ పొయ్యి మీద ఇడ్లీ పెట్టి పూజగదిలోకి వెళ్ళింది. నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింటి నిండా కాలిన లోహం వాసన. పాత్ర అడుగు నల్లబడి, అంచుల్లో నీలం తిరిగింది. నీళ్ళు ఎప్పుడో ఇగిరిపోయాయి. అమ్మకు అప్పటికి ఎనభై ఒకటో ఏడు. "నాణెం చప్పుడు వినపడలేదమ్మా" అంది. ఆ ఒక్క మాట అని ఊరుకుంది.

ఇడ్లీ పాత్ర అడుగున నీళ్ళలో ఒక నాణెం వేయడం అమ్మ అలవాటు. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అది టకటకమని కొట్టుకుంటుంది. చప్పుడు ఆగిందంటే నీళ్ళు అయిపోయాయని అర్థం. అమ్మ వేసేది మామూలు రూపాయి కాదు, వాళ్ళమ్మ ఇచ్చిన చిల్లు కాణీ. మధ్యలో పెద్ద రంధ్రం ఉండే రాగి రంగు నాణెం. యాభై ఏళ్ళకు పైగా ఆ చప్పుడు నమ్ముకునే ఆమె ఇడ్లీ వండింది. చెవులు మందగించాయని ఆ రోజుదాకా మాకెవరికీ తట్టలేదు.

అమ్మను పొయ్యి దగ్గరికి వెళ్ళవద్దనడం నాకు ఇష్టం లేదు. వంట మానేస్తే ఆమెకు రోజు గడవదు. అందుకే విద్యుత్తుతో నడిచే స్టీమర్ ఒకటి కొన్నాను. కింద నీళ్ళ తొట్టి, తొట్టి మధ్యలో వేడెక్కే పళ్ళెం, దాని పైన కారిన నీళ్ళు పట్టే పళ్ళెం, ఆ పైన ఒకదాని మీద ఒకటి మూడు చిల్లుల బుట్టలు, అన్నిటికీ పైన ఒక మూత. 800 వాట్లు. గంట వరకు తిప్పుకొనే టైమరు. సమయం అయిపోతే ఆగిపోతుంది. నీళ్ళు అయిపోయినా ఆగిపోతుంది. నాకు కావలసింది ఆ చివరి మాటే. అమ్మ దానికి మొదటి రోజే ఆవిరి పెట్టె అని పేరు పెట్టింది. మా ఇంట్లో ఇప్పటికీ అదే పేరు.

కొన్న వారం రోజులకే అది అటకెక్కవలసింది. ఎందుకంటే అందులో ఇడ్లీ కుదరలేదు. పైన తడిసి ముద్దయిన అట్టు, లోపల పచ్చి. అమ్మ ఒకటి తుంచి చూసి పక్కన పెట్టేసింది. ఇలాంటి యంత్రం కొని, నాలుగు రోజులు వాడి, అటక మీద పెట్టిన వాళ్ళు నాకు కనీసం ముగ్గురు తెలుసు. వాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నాను. దించండి. అది మంచి వస్తువు. దానికి కొన్ని తెలియవు, మనం చెప్పాలి.

ఒక ఆదివారం కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చున్నాను. మూత పారదర్శకం కాబట్టి లోపల జరిగేదంతా కనిపిస్తుంది. ముందు మూత లోపలి వైపు మంచులా తెల్లగా పట్టింది. ఆ మంచు చుక్కలయింది. చుక్కలు పక్కవాటితో కలిసి పెసరగింజంత, తరువాత శనగగింజంత అయ్యాయి. శనగగింజంత అయ్యాక ఒక క్షణం వేలాడి, కింద ఉన్న ఇడ్లీ నడినెత్తిన పడింది. పడిన చోట పిండి గుంట పడి, ఆ గుంటలో నీళ్ళు నిలిచాయి. నిమిషానికి పదకొండు చుక్కలు లెక్కపెట్టాను. పదిహేను నిమిషాలు అలా తడిస్తే ఏ ఇడ్లీ నిలబడుతుంది?

మా పాత ఇడ్లీ పాత్రలో ఈ బాధ ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది. దాని మూత గోపురంలా ఉంటుంది. నీళ్ళు ఆ వాలు వెంట అంచులకు జారి గోడ మీదుగా దిగిపోతాయి. ఈ మూత బల్లపరుపు. పెట్టె కింద ఒక పక్క అట్టముక్క పెట్టి వంచి చూశాను. చుక్కలు అంచుకు జారిన మాట నిజమే, కానీ పిండి కూడా జారి ఇడ్లీలు ఒక వైపు లావుగా, ఒక వైపు పల్చగా వచ్చాయి. అట్టముక్క తీసేశాను.

అమ్మ అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. "దానికి వాసెన కట్టు తల్లీ" అంది.

వాసెన అన్న మాట ఈ తరం వాళ్ళలో ఎంతమందికి తెలుసో. కుండ మూతికో, జాడీ మూతికో గుడ్డ బిగించి కట్టడాన్ని వాసెన కట్టడం అంటారు. ఆవకాయ జాడీకి కట్టేది వాసెనే. మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో, అంబాజీపేట దగ్గర. అక్కడ ఆవిరి కుడుము చేసేటప్పుడు గుండిగలో సగం దాకా నీళ్ళు పోసి, మూతికి తడిపిన గుడ్డ బిగించి కట్టి, ఆ గుడ్డ మీద మినపపిండి పరిచి, పైన ఇంకో గిన్నె బోర్లించేవారు. వాసెన మీద ఉడికేది కాబట్టి దాన్ని వాసెనపోలు అని కూడా అంటారు. గుడ్డ పిండిని మోస్తుంది, ఆవిరిని పైకి పోనిస్తుంది, తిరిగి నీరైనదాన్ని తాగేస్తుంది. ఒక్క గుడ్డ మూడు పనులు చేస్తుంది.

పాత నూలు పంచె ఒకటి చింపి, తడిపి, గట్టిగా పిండి, రెండు మడతలు వేసి మూత లోపలి వైపు పరిచాను. నాలుగు కొసలూ పైకి తీసి మూత మీద ముడి వేశాను. కొసలు కిందికి వేలాడకూడదు. వేలాడితే అవే నీళ్ళను బుట్టలోకి దింపుతాయి. వంటింటి తూకం మీద ఆ గుడ్డను పెట్టేముందు ఒకసారి, తీశాక ఒకసారి తూచాను. పదిహేను నిమిషాల్లో ముప్పై గ్రాములు బరువెక్కింది. ఆ ముప్పై గ్రాములూ అంతకుముందు ఇడ్లీల నెత్తిన పడుతున్నవే. ఆ రోజు ఇడ్లీ పైభాగం పొడిగా, మెత్తగా, వేలితో నొక్కితే తిరిగి లేచేలా వచ్చింది. అమ్మ రెండు తిని మూడోది అడిగింది.

గుడ్డ పల్చటి నూలుదే కావాలి. టర్కీ తువ్వాలు వద్దు, అది మూత చిల్లులను మూసేస్తుంది, ఆవిరికి దారి ఉండదు. సబ్బు వాసన లేకుండా ఉతికి, ఎండలో ఆరేసి, ఈ పనికే విడిగా ఉంచుకోవాలి.

ఇక్కడ ఒక విషయం కొంచెం వివరంగా చెప్పాలని ఉంది. కాలేజీలో చదివిన పాఠం నాకు వంటింట్లోనే బోధపడింది. వంద డిగ్రీల వేడి నీళ్ళు ఒక గ్రాము చల్లారి ముప్పై డిగ్రీలకు వస్తే ఇచ్చే వేడి 70 కాలరీలు. అదే ఒక గ్రాము ఆవిరి ఇడ్లీని తాకి నీరుగా మారితే, చల్లారకముందే, ఆ మారడంలోనే సుమారు 540 కాలరీలు ఇస్తుంది. అంటే ఆవిరి వండేది వేడిగా ఉన్నందుకు కాదు, నీరు అవుతున్నందుకు. కాబట్టి నీటిని ఆపలేం, ఆపకూడదు. ఆ నీరు ఎక్కడ పడాలో చూసుకోవడమే మన పని. ఆవిరి పెట్టె తయారుచేసిన వాళ్ళు ఆవిరి పుట్టించడం బాగా ఆలోచించారు. నీరయ్యాక దాని సంగతి వదిలేశారు. మా అమ్మమ్మ గుండిగకు ఆ రెండో సగం తెలుసు. ఆ తరువాత నేను చేసిన మార్పులన్నీ ఈ ఒక్క ఆలోచనలోంచి వచ్చినవే.

పుట్టించడం బాగా ఆలోచించారన్నాను కదా, దానికి రుజువు పెట్టెతో పాటు వచ్చే ఒక చిన్న ప్లాస్టిక్ వలయం. వేడెక్కే పళ్ళెం చుట్టూ పెట్టాలి. చాలా ఇళ్ళలో మొదట పోయేది ఇదే. మా పనిమనిషి దాన్ని కడిగి ఎక్కడో పెట్టింది, నాలుగు రోజులు కనపడలేదు. ఆ నాలుగు రోజులూ ఆవిరి రావడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. ఆ వలయం ఉంటే రెండు నిమిషాలు. తొట్టిలో లీటరు నీళ్ళు ఉన్నా వలయం లోపల గుప్పెడే ఉంటాయి. ఆ గుప్పెడు ముందు మరుగుతాయి, మిగతావి అడుగున ఉన్న సందులోంచి కొద్దికొద్దిగా లోపలికి వస్తాయి. లీటరు నీళ్ళనూ ఒకేసారి మరిగించాలంటే 800 వాట్లకు ఆరు నిమిషాల పైనే కావాలి, లెక్క వేసుకుంటే మీకూ తెలుస్తుంది. వలయం జాగ్రత్త.

ఇడ్లీ రేకులు పెట్టెతో రాలేదు. బుట్టల్లో గుడ్లు నిలబెట్టే గుంటలు ఉన్నాయి, మనకు అవి దేనికి? కూకట్‌పల్లిలో స్టీలు సామాన్ల కొట్టుకు బుట్టనే తీసుకువెళ్ళి, నాలుగు గుంటల చిల్లుల రేకులు మూడు కొన్నాను. మొదట బుట్టకు సరిగ్గా పట్టేలా పెద్దవి తీసుకోబోయాను. కొట్టతను, "అమ్మా, ఆవిరి పైకి ఎలా పోతుంది?" అని అడిగాడు. నిజమే. రేకు చుట్టూ వేలెడు సందు ఉండాలి. లేకపోతే కింది బుట్ట ఆవిరంతా తీసుకుని పై బుట్టలను పస్తు పెడుతుంది.

సందు వదిలినా పై బుట్ట వెనకబడింది. మా అబ్బాయి ఇచ్చిన వంట థర్మామీటరు పెట్టి చూస్తే, ఐదో నిమిషానికి కింది బుట్టలో 97, పై బుట్టలో 85. హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి, కాబట్టి కింది బుట్టకు లోటు లేదు. పైది సగం ఉడికాక బుట్టలు తారుమారు చేసి చూశాను. మూత తీసినప్పుడల్లా పొంగిన పిండి కుంగిపోయింది. దీనికీ అమ్మ దగ్గరే జవాబు దొరికింది. "ఎసరు మరిగాక కదా రేకులు దించుతాం. దీనికి మాత్రం చల్లగా ఉండగానే పెడుతున్నావెందుకు?" అంది. అప్పటినుంచి వట్టి బుట్టలు పేర్చి, మూత పెట్టి, మూత చిల్లుల్లోంచి ఆవిరి జోరుగా వచ్చేదాకా ఆగుతున్నాం. అప్పుడు రేకులు పెడతాం. బుట్టల ప్లాస్టిక్ ముందే వేడెక్కి ఉంటుంది కాబట్టి దాని మీద ఆవిరి వృథాగా నీరు కాదు. పై బుట్ట కింది దానికన్నా రెండు నిమిషాలే ఆలస్యం. మొత్తం పన్నెండు ఇడ్లీలకు పద్నాలుగు నిమిషాలు. మా ఇంట్లో ఇక ఆ లెక్క మారలేదు.

రెండో బుట్టకూ మూడో బుట్టకూ మధ్య ఆవిరి బుసలు కొట్టేది. తడి గుడ్డ పేలిక ఒకటి పేని ఆ కీలు చుట్టూ చుట్టాను. మూత చిల్లులు మాత్రం ఎప్పుడూ మూయకండి. ఆవిరికి ఒక దారి ఉండి తీరాలి.

మా అపార్టుమెంటులో రెండు నీళ్ళు ఉన్నాయి. వాడకానికి బోరు, తాగడానికి కుళాయి. దగ్గరగా ఉంది కదా అని మేము బోరు నీళ్ళే పోసేవాళ్ళం. రెండు నెలలకు వేడెక్కే పళ్ళెం మీద తెల్లటి గార కట్టింది. గోరుతో గీస్తే సుద్దలా రాలింది. ఆ గార వేడిని నీళ్ళకు చేరనివ్వదు. పళ్ళెం లోలోపల అతిగా వేడెక్కి, నీళ్ళు ఉండగానే అయిపోయాయనుకుని పెట్టె తనంతట తాను ఆగిపోయేది. పాడయిందనుకున్నాం. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అడిగితే ఇస్తారు. అర లీటరు నీళ్ళలో రెండు చెంచాలు కలిపి తొట్టిలో పోసి, గోరువెచ్చగా అయ్యేదాకా ఉంచి, ఆపి, అరగంట వదిలేశాను. సన్నటి బుడగలు లేచాయి. గార పొరలు పొరలుగా విడిపోయింది. గీకే పని లేదు, పీచు పెట్టి రుద్దవద్దు. రెండుసార్లు మంచినీళ్ళతో తొలిచి, వట్టి నీళ్ళతో ఒకసారి ఐదు నిమిషాలు నడపాలి. ఇప్పుడు కుళాయి నీళ్ళే పోస్తున్నాం, మూడు నెలలకు ఒకసారి చేస్తే సరిపోతోంది.

తొట్టిలో నీళ్ళు తప్ప ఇంకేమీ వేయకండి. వాము, నిమ్మతొక్క, ఉప్పు, ఏదీ వద్దు. సువాసన కావాలంటే బుట్టలో ఆకు పరవాలి. అరటి ఆకు, పసుపు ఆకు, కరివేపాకు రెబ్బలు. అరటి ఆకుకు పుల్లతో అక్కడక్కడా చిల్లులు పొడవడం మరచిపోకండి.

అమ్మ కోసం చేసిన మార్పు ఒకటి విడిగా చెప్పాలి. టైమరు మీద అంకెలు బూడిద రంగు మీద తెల్లగా, చీమ తలలంత ఉన్నాయి. నేను ఎర్రటి గోళ్ళ రంగుతో పదిహేను దగ్గర ఒక గీత, ఇరవై ఐదు దగ్గర రెండు గీతలు, నలభై దగ్గర మూడు గీతలు పెట్టాను. ఒక గీత ఇడ్లీ, ఉండ్రాళ్ళు. రెండు గీతలు దుంపలు. మూడు గీతలు పెద్ద కుడుము. నీళ్ళ కొలత కిటికీ మీద కూడా ఒక ఎర్ర గీత. అరగంట నడిస్తే అర లీటరు పైచిలుకు ఖర్చవుతుంది, అందుకని ఆ గీత దాకా నీళ్ళు ఉంటేనే మూడు గీతల వంట పెట్టాలని ఒప్పందం. టైమరు గంట అమ్మకు వినపడదు. వినపడకపోయినా పెట్టె ఆగిపోతుంది. ఇదివరకు ఆలస్యంగా మూత తీస్తే ఇడ్లీలు లోపలే నానేవి, ఇప్పుడు వాసెన ఉంది కాబట్టి పది నిమిషాలు ఆలస్యమైనా చెడవు. మూత తీసేటప్పుడు మాత్రం అవతలి అంచు ముందు లేపమని ఆమెకు రోజూ చెబుతూనే ఉంటాను. ఆవిరి చురక మరిగే నీళ్ళ చురకకన్నా గట్టిగా తగులుతుంది. పెట్టెను అల్మరా కింది నుంచి కిటికీ పక్కకు మార్చాను, చెక్క ఉబ్బుతోందని.

దుంపలకు ఈ పెట్టెను మించింది లేదు. చామదుంపలు నీళ్ళలో ఉడికిస్తే జిగురు తేలుతుంది. ఆవిరికి ఉడికితే తొక్క చొక్కా విప్పినట్టు వచ్చేస్తుంది, వేపుడుకు ముక్క విరగదు. చిలగడదుంపల తీపి నీళ్ళ పాలు కాదు. దొండకాయలు గాట్లు పెట్టి పన్నెండు నిమిషాలు ఉంచి వేయిస్తే సగం నూనె చాలు. కింద పళ్ళెంలో చేరే నీళ్ళను అమ్మ చారులో పోస్తుంది. కుదరనివీ ఉన్నాయి. వేరుశనక్కాయలు నలభై నిమిషాలు ఉడికించాను, మెత్తబడ్డాయి కానీ చప్పగా ఉన్నాయి. ఆవిరి ఉప్పును మోసుకురాదు. వాటికి ఉప్పునీళ్ళే కావాలి. కందను మేము చింతపండు నీళ్ళలోనే ఉడికిస్తాం. అన్నం గిన్నె ఒకటి ఇచ్చారు, ముప్పావు గంట పడుతుంది, కుక్కరు ఉన్న ఇంట్లో దాని అవసరం లేదు.

పోయిన నెల ఊరి నుంచి మా పిన్ని కొడుకు పనస ఆకుల బుట్టలు ముప్పై తెచ్చాడు. నాలుగు ఆకులు ఈనెపుల్లలతో కుట్టి చేసేవి, పొట్టిక్కలకు, అంటే వాటిలో పిండి పోసి ఉడికించే ఇడ్లీలకు. బుట్టలో నిలబెడితే ఎత్తు చాలలేదు. అప్పుడు చూశాను, మధ్య బుట్ట అడుగు ఊడి వస్తుంది. అది తీసేస్తే రెండు బుట్టలూ కలిసి ఒక లోతైన బుట్ట అయింది. పొట్టిక్కలు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, వాసెన కట్టి, రెండు గీతలు తిప్పాం. మూత తీయగానే పనసాకు వాసన హాలు దాకా వచ్చింది. ఆకు ఒలిస్తే ఈనెల గుర్తులు ఇడ్లీ మీద అచ్చుపడి ఉన్నాయి. అల్లం పచ్చడితో అమ్మ రెండు తింది. ఆకు వాసన సరిగ్గా పట్టిందని నాలుగుసార్లు చెప్పింది.

ఆ సాయంత్రమే తొట్టి గార తీసే పని పెట్టుకున్నాను. నిమ్మ ఉప్పు నీళ్ళు పారబోయబోతుంటే అమ్మ ఆగమంది. లోపలికి వెళ్ళి చిల్లు కాణీ తెచ్చింది. మాడిన పాత్రలోంచి తీసి దాచినట్టుంది. ఏళ్ళ తరబడి మరిగిన నీళ్ళ గార కట్టి, సుద్దబిళ్ళలా ఉంది. గిన్నెలో ఆ నీళ్ళు పోసి వేశాం. బుడగలు చాలాసేపు లేచాయి. పొద్దున్న తీసి తుడిస్తే రాగి రంగు మెరుస్తూ, చిల్లు పక్కన 1944 అని అంకె కనిపించింది. అమ్మ అద్దాలు పెట్టుకుని ఆ అంకె చదువుకుంది. తన కొంగుతో ఇంకోసారి తుడిచి పోపుల పెట్టెలో, మెంతుల గిన్నె పక్కన పెట్టుకుంది.